వార్డు అల్మరాలో ఎంత సరకు ఉంటే సరిపోతుంది?

ఆసుపత్రి వార్డుల్లో సిరంజీలు, కాన్యులాలు (నరంలో పెట్టే సన్నని గొట్టాలు), సెలైన్లు, కాథెటర్లు (మూత్రం, స్రావాల వంటివి బయటికి తీసే గొట్టాలు), డ్రెస్సింగ్ సామగ్రి ఎంత నిల్వ ఉంచాలి, ఆ నిల్వను ఎవరు ఎలా చూసుకోవాలి అనే విషయంపై వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ప్రశ్నలు పంపినవారిలో ఇన్‌ఛార్జి సిస్టర్లు, స్టోర్ సిబ్బంది, ఫార్మసిస్టులు, ఒక పాలనాధికారి ఉన్నారు. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి, పొడవైన ఉత్తరాలను కుదించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: నేను మెడికల్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ను. మేము ఎంత ఇండెంట్ (సరకు కావాలని స్టోర్‌కు రాసే పత్రం) పెట్టినా స్టోర్ వాళ్లు సగమే ఇస్తారు. అందుకని మేమూ రెట్టింపు రాయడం మొదలుపెట్టాం. ఇటీవల తనిఖీలో మా డ్యూటీ గది బీరువాలో గ్లౌజుల పెట్టెలు, కాన్యులాలు దొరికాయని మమ్మల్ని తప్పు పట్టారు. రోగికి అవసరమైనప్పుడు లేకపోతే అడిగేది మమ్మల్నే కదా, ఇందులో మా తప్పేమిటి?

జవాబు: దాచుకోవడం సరైన పని కాదు, కానీ దాచుకున్నవారిని పట్టుకున్నంత మాత్రాన అది ఆగదు. అర్ధరాత్రి కాన్యులా లేక పక్క వార్డులకు పరుగెత్తిన సిస్టర్ మరుసటి వారం ఒక పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే, ఆమె దృష్టిలో అది దుర్వినియోగం కాదు, రోగి కోసం తీసుకున్న జాగ్రత్త. సరకు ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తెలియని చోట బాధ్యత తెలిసినవాళ్లు అలాగే చేస్తారు. మీ బీరువాలో దొరికిన పెట్టెలు మీ క్రమశిక్షణ గురించి చెప్పేదానికంటే మీ స్టోర్ సరఫరా తీరు గురించి చెప్పేదే ఎక్కువ.

అయితే ఇండెంట్‌లో రెట్టింపు రాయడం వల్ల జరిగే నష్టం మీరు అనుకుంటున్న దానికంటే పెద్దది. నిజంగా 10 పెట్టెలు కావలసిన వార్డు 20 రాస్తుంది. స్టోర్ 10 ఇస్తుంది. ‘చూశారా, సగమే ఇచ్చారు’ అని వార్డు, ‘వీళ్లు ఎప్పుడూ రెట్టింపే రాస్తారు’ అని స్టోర్, ఎవరికి వారు తమ అనుమానం రుజువైందనుకుంటారు. కొన్నాళ్లకు ఇండెంట్ మీద ఉన్న అంకెకు ఏ అర్థమూ మిగలదు. ఆ అంకెల ఆధారంగానే కొనుగోలు విభాగం ఆర్డరు పెడుతుంది కాబట్టి, వార్డులో మొదలైన చిన్న అతిశయం స్టోర్‌కు, అక్కడి నుంచి సరఫరాదారుకు, అక్కడి నుంచి తయారీదారుకు వెళ్లే కొద్దీ పెద్దదవుతుంది. ఒక నెల విపరీతంగా సరకు వచ్చి పడి, మరుసటి నెల ఏమీ రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ప్రపంచ స్థాయిలోనూ ఇదే జరిగింది: 2020 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాస్కులు, గ్లౌజుల కొరత గురించి హెచ్చరిస్తూ, పెరిగిన అవసరంతో పాటు భయంతో కొనడాన్ని, దాచుకోవడాన్ని కూడా కారణాలుగా చెప్పి, ఉత్పత్తిని 40 శాతం పెంచాలని కోరింది.

బయటపడే దారిలో ముందు ఏది, తరువాత ఏది అన్నది ముఖ్యం. చాలా చోట్ల ముందు బీరువాలు తెరిపించి సరకు వెనక్కి తీసుకుంటారు. దాంతో మరుసటిసారి సరకు ఇంకా లోపలికి వెళ్తుంది. ముందుగా స్టోర్ వైపు నుంచి మాట నిలబడాలి. వార్డులో రోజూ వాడే వస్తువుల్లో పదిహేను ఇరవై ఎంచుకుని, వాటిని చెప్పిన రోజున, చెప్పినంత కోత లేకుండా రెండు నెలల పాటు ఇవ్వాలి. ఒకవేళ కోత పెట్టక తప్పకపోతే, ఎందుకు పెట్టారో, మిగిలింది ఎప్పుడు వస్తుందో ఇండెంట్ కాగితం మీదే రాసి ఇవ్వాలి. ఆ తరువాత, ఎవరినీ ఏమీ అడగకుండా, సంజాయిషీలు లేకుండా, అదనపు సరకును వెనక్కి ఇవ్వడానికి ఒక వారం గడువు ప్రకటించాలి. అప్పుడు బీరువాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. మీ వైపు నుంచి ఈ రోజే చేయగలిగింది ఒకటుంది: ఇండెంట్‌లో ‘కావలసినది’ అనే అంకె పక్కన ‘ప్రస్తుతం చేతిలో ఉన్నది’ అనే అంకెను నిజాయితీగా రాయడం. స్టోర్ దాన్ని చూసి మీకు శిక్షగా కోత పెడితే, ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ప్రశ్న: ప్రతి వస్తువుకూ వార్డులో ఉండవలసిన నిల్వ స్థాయిని నిర్ణయించమని నాకు అప్పగించారు. అనుభవంతో అంకె వేస్తే ఒప్పుకోవడం లేదు. లెక్క ఎలా వేయాలి?

జవాబు: మొదట తెలుసుకోవలసింది ఎంత వాడతారన్నది కాదు, ఒకసారి లెక్క చూసిన తరువాత ఎన్ని రోజులు ఆ సరకుతోనే గడపాలన్నది. దీన్ని వదిలేసి ‘వారం నిల్వ’, ‘పది రోజుల నిల్వ’ అనుకుంటూ పోతే అంకెలకు ఆధారం ఉండదు.

గులాబీ రంగు కాన్యులా, అంటే 20 గేజ్‌ది (గేజ్ అంటే గొట్టం లావు కొలత) తీసుకుందాం. మీ వార్డులో రోజుకు సగటున 14 వాడతారనుకోండి. సోమ, బుధ, శుక్రవారాల్లో అరలు లెక్కపెట్టి ఇండెంట్ పంపితే, సరకు మరుసటి రోజు వస్తుందనుకోండి. శుక్రవారం లెక్క చూశాక తరువాతి లెక్క సోమవారం, దాని సరకు వచ్చేది మంగళవారం. అంటే శుక్రవారం అరలో ఉన్నదీ, అప్పుడు అడిగినదీ కలిసి 4 రోజులు గడవాలి. సగటు ప్రకారం 14ను 4తో హెచ్చిస్తే 56. ఇంతటితో ఆగితే దాదాపు సగం వారాల్లో కొరత వస్తుంది, ఎందుకంటే సగటు అన్నాక కొన్ని రోజులు దానికంటే ఎక్కువ వాడకం ఉండి తీరుతుంది. అందుకే హెచ్చుతగ్గులకు కొంత కలపాలి. రోజువారీ వాడకంలో ప్రామాణిక విచలనం, అంటే వాడకం సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే కొలత, 5 అనుకుంటే, 4 రోజులకు దాన్ని 4 వర్గమూలంతో, అంటే 2తో హెచ్చించాలి, 10 వస్తుంది. వందలో 95 సార్లు కొరత రాకూడదనుకుంటే 1.65తో, 99 సార్లు రాకూడదనుకుంటే 2.33తో హెచ్చించాలి. మొదటిదానికి 17, రెండోదానికి 24 వస్తాయి. కాబట్టి ఉండవలసిన స్థాయి ఒక లెక్కన 73, మరో లెక్కన 80. కేవలం ఏడు కాన్యులాలు అదనంగా ఉంచితే కొరత వచ్చే అవకాశం వందలో 5 నుంచి 1కి తగ్గుతుంది కాబట్టి, ఇంత చవకైన వస్తువుకు 80 వేసుకోవడంలో తప్పు లేదు.

ఇదే వార్డుకు రోజూ లెక్క చూసి మరుసటి రోజు సరకు ఇస్తే ఏమవుతుందో చూడండి. గడపవలసింది 2 రోజులే. 14ను 2తో హెచ్చిస్తే 28. హెచ్చుతగ్గులకు 5ను 2 వర్గమూలంతో, 2.33తో హెచ్చిస్తే సుమారు 17, మొత్తం 45. వార్డులో ఎవరి అలవాటూ మారలేదు, రోగుల సంఖ్య తగ్గలేదు, భద్రత స్థాయి అదే, కానీ నిల్వ 80 నుంచి 45కు దిగింది. వార్డుల్లో సరకు పేరుకుపోయిందని ఫిర్యాదు చేసే పాలకులు ముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

వర్గమూలాలు ఇబ్బందిగా ఉంటే మరో పద్ధతి ఉంది. గత మూడు నెలల రికార్డులో వరుసగా ఏ 4 రోజుల్లోనైనా అత్యధికంగా ఎంత వాడారో చూసి, అది ప్రమాదాలు, అంటువ్యాధుల వంటి అసాధారణ రోజుల లెక్క కాకపోతే, దాన్నే స్థాయిగా పెట్టుకోవచ్చు. వార్డులో గోడకు అతికించి అందరికీ వివరించగలిగే లెక్క ఇదే కాబట్టి నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

సగటు తీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 30 రోజుల నెలలో 288 వాడారని రిజిస్టర్ చెబితే రోజుకు 9.6 అని వేసుకుంటాం. కానీ ఆ నెలలో 6 రోజులు అసలు సరకే లేకపోతే, 288ని 24తో భాగించాలి; అప్పుడు 12 వస్తుంది. లేని రోజుల్లో వాడకం సున్నా అని రాసుకుంటే, కొరత వచ్చిన వస్తువుకే తక్కువ నిల్వ నిర్ణయించి, మళ్లీ కొరత తెచ్చుకున్నట్టవుతుంది. అలాగే స్టోర్ జారీ చేసిన సంఖ్య వాడకం కాదు. మొదటి ఉత్తరం రాసిన సోదరి వార్డు లెక్క తీస్తే, జారీలో కొంత భాగం బీరువాలో ఉంటుంది. చివరగా, పెట్టె పరిమాణం చూడండి. కాన్యులాలు 50 ఉన్న పెట్టెగా మాత్రమే స్టోర్ ఇస్తుందంటే, మీరు ఎంత లెక్క వేసినా 80 కాస్తా 100 అవుతుంది. చిన్న వార్డులకు పెట్టె విప్పి ఇచ్చే ఏర్పాటు స్టోర్‌లోనే ఉండాలి.

ప్రశ్న: రెండు డబ్బాల పద్ధతి పెడితే లెక్కపెట్టే పనే ఉండదని విన్నాం. మా ఆసుపత్రిలో ప్రయత్నిస్తే ఆరు నెలలకే గందరగోళమైంది. ఈ పద్ధతిలోనే లోపం ఉందా?

జవాబు: పద్ధతి సులువైనదే. టయోటా కార్ల కర్మాగారాల్లో తాయిచీ ఓనో అమలుచేసిన కాన్‌బాన్ కార్డుల విధానానికి ఇది దగ్గరి రూపం. ఒకే వస్తువును రెండు డబ్బాల్లో ముందు ఒకటి, వెనుక ఒకటిగా పెడతారు. ముందు డబ్బా ఖాళీ కాగానే దాని కార్డును గోడ మీది పెట్టెలో వేసి, వెనుక డబ్బాను ముందుకు లాగుతారు. స్టోర్ మనిషి కార్డులు తీసుకెళ్లి ఆ డబ్బాలు నింపి తెస్తాడు. నర్సు దేన్నీ లెక్కపెట్టనక్కరలేదు, ఇండెంట్ రాయనక్కరలేదు.

దీనికి చెల్లించే మూల్యాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. పై ఉదాహరణలోనే చూస్తే, ముందు డబ్బా శుక్రవారం కార్డులు తీసుకెళ్లిన గంటకే ఖాళీ కావచ్చు. అప్పుడు వెనుక డబ్బా ఒక్కటే మంగళవారం దాకా, అంటే 4 రోజులు గడిపించాలి. కాబట్టి ఒక్కో డబ్బాలో 80 ఉండాలి. రెండూ నిండుగా ఉన్నప్పుడు వార్డులో 160 కాన్యులాలు ఉంటాయి. లెక్కపెట్టే శ్రమ పోయింది, దాని బదులు నిల్వ పెరిగింది. కార్డులు రోజూ తీసుకెళ్తే ఒక్కో డబ్బాకు 45 చాలు. అంటే స్టోర్ మనిషి రోజూ రాలేని చోట ఈ పద్ధతి పెట్టడం అనవసరం. మీ దగ్గర విఫలమవడానికి బహుశా ఇదీ ఒక కారణం అయి ఉంటుంది.

మిగతా కారణాలు అల్మరా ముందు పది నిమిషాలు నిలబడితే తెలుస్తాయి. ఖాళీ డబ్బాలో వెనుక డబ్బా సరకు పోసేసి రెండూ కలిపేయడం, హడావుడిలో కార్డు జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోవడం, ముందు డబ్బాలో ఇంకా ఉండగానే చేతికి అందిందని వెనుక డబ్బా తెరవడం. చివరిదానికి వెనుక డబ్బా మూత మీద ఒక చిన్న టేపు అతికించి, ‘చింపితే కార్డు వేయండి’ అని రాస్తే చాలు. ఖరీదైనవి, అరుదుగా వాడేవి, గడువు తక్కువ ఉన్నవి ఈ పద్ధతిలో పెట్టకండి. సిరంజీలు, స్వాబులు, గాజ్, ఐవీ సెట్లు వంటి చవకగా, వేగంగా కదిలేవాటికే ఇది సరిపోతుంది.

ప్రశ్న: పాలనాధికారిగా నా ప్రశ్న. అన్ని వార్డుల్లో అన్ని వస్తువులకూ 15 రోజుల నిల్వ అని ఒకే నియమం పెడితే పర్యవేక్షణ సులువు కాదా? మరోవైపు, ఎంత తక్కువ నిల్వ ఉంటే అంత పొదుపు అని కొందరు సలహా ఇస్తున్నారు.

జవాబు: ఒకే నియమం పర్యవేక్షణకు సులువే, వార్డుకు కాదు. 15 రోజుల సెలైన్ సీసాలు పెట్టడానికి వార్డులో చోటు ఉండదు. సంవత్సరానికి రెండుసార్లు వాడే ప్రత్యేక కాథెటర్‌కు 15 రోజుల నిల్వ అంటే ఏ అంకె రాయాలో ఎవరికీ తెలియదు.

స్టోర్ నిర్వహణలో రెండు వర్గీకరణలు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. ఒకటి డబ్బును బట్టి: మొత్తం ఖర్చులో సింహభాగం మింగే కొద్దిపాటి వస్తువులు ‘ఏ’, మధ్యస్థంగా ఉండేవి ‘బి’, సంఖ్యలో ఎక్కువైనా ఖర్చులో తక్కువైనవి ‘సి’. రెండోది ప్రాణావసరాన్ని బట్టి: లేకపోతే ప్రాణం మీదికి వచ్చేవి ‘వి’, చికిత్స దెబ్బతినేవి ‘ఇ’, ఉంటే బాగుండేవి ‘డి’. రెండింటినీ కలిపి చూసినప్పుడే ఉపయోగం. చవకైనదీ, ప్రాణావసరమైనదీ ఉదారంగా ఉంచాలి. ఆక్సిజన్ మాస్కు, శ్వాసమార్గంలో పేరుకున్న స్రావాలు తీసే సక్షన్ కాథెటర్ ఇలాంటివి. ఖరీదైనదీ, లేకపోయినా గడిచేదీ వార్డులో అసలు పెట్టకుండా, అడిగినప్పుడు పంపితే సరిపోతుంది.

ఈ వర్గీకరణలో తరచుగా మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: అది లేకపోతే బదులు మరొకటి పనికొస్తుందా? గులాబీ కాన్యులా అయిపోతే చాలామంది పెద్దవాళ్లకు ఆకుపచ్చది, అంటే 18 గేజ్‌ది, లేదా నీలం రంగు 22 గేజ్‌ది వాడి ఆ పూట గడపవచ్చు. పిల్లల వార్డులో 8 ఫ్రెంచ్ (ఇదీ గొట్టం లావు కొలతే) మూత్ర కాథెటర్ లేకపోతే, పెద్దవాళ్లకు వేసే 16 ఫ్రెంచ్‌తో పని జరగదు. కాబట్టి వాడకం తక్కువ అనే కారణంతో చిన్న సైజుల నిల్వ తగ్గించే ముందు ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడగండి.

ఇక కనిష్ఠ నిల్వ గురించి. వార్డులో తక్కువ ఉంచమనడానికీ, ఆసుపత్రి మొత్తంలో తక్కువ ఉంచమనడానికీ చాలా తేడా ఉంది. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుపాను వరదలు అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉన్న బాక్స్‌టర్ కర్మాగారాన్ని ముంచెత్తాయి. ఆ దేశంలో వాడే ఐవీ ద్రవాల్లో సుమారు 60 శాతం తయారయ్యే చోటు అది. దాంతో ఎన్నో ఆసుపత్రులు శస్త్రచికిత్సలు వాయిదా వేయవలసి వచ్చింది, తాగగలిగిన రోగులకు సెలైన్ బదులు నోటిద్వారా ద్రవాలు ఇవ్వవలసి వచ్చింది. అటువంటి విపత్తుకు అండగా ఉండవలసిన నిల్వ సెంట్రల్ స్టోర్‌లో ఉండాలి, ఎందుకంటే అక్కడున్న సీసాను ఏ వార్డుకు అవసరమైతే ఆ వార్డుకు పంపవచ్చు. అదే సీసా ఇరవై వార్డుల అల్మరాల్లో చెల్లాచెదురుగా ఉంటే, ఎక్కడెంత ఉందో తెలియడానికే ఒక రోజు పడుతుంది.

ప్రశ్న: ప్రతి మూడు నెలలకూ గడువు తీరినవి పారవేస్తున్నాం. కొత్తవి వెనుక, పాతవి ముందు పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా ఫలితం లేదు. ఏం చేయాలి?

జవాబు: చెప్పడం ఆపి అల్మరాను చూడండి. గోడకు ఆనించిన లోతైన అరలో సరకు పెట్టేదీ తీసేదీ ముందు నుంచే. ముప్పై వస్తువులతో వచ్చిన సహాయకుడు ప్రతిసారీ పాతవన్నీ బయటికి తీసి, కొత్తవి లోపల పెట్టి, మళ్లీ పాతవి సర్దడం జరిగే పని కాదు. అరను నిలువుగా రెండుగా విభజించి, ఎడమ వైపు పెట్టడం, కుడి వైపు నుంచి తీయడం, కుడి వైపు అయిపోయాక రెండు వైపుల లేబుళ్లు మార్చడం మొదలుపెడితే ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

అయితే ముందు వచ్చింది ముందు వాడటం కూడా పూర్తిగా సరైన సూత్రం కాదు. ఈ వారం వచ్చిన బ్యాచ్ గడువు గత నెల వచ్చినదానికంటే ముందే తీరవచ్చు. ఏది ముందు వచ్చిందన్నది కాదు, ఏ గడువు ముందు తీరుతుందన్నదే చూడాలి. లేబుల్ మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా వాడవచ్చు. చాలా పరికరాల ప్యాకెట్ల మీద ఇసుక గడియారం గుర్తు పక్కన ఉన్నదే గడువు తేదీ. ఫ్యాక్టరీ బొమ్మ పక్కన ఉన్నది తయారీ తేదీ. ఈ రెండింటినీ తారుమారు చేసి మంచి సరకును పారేసిన సందర్భాలు కొత్త సిబ్బంది ఉన్న వార్డుల్లో కనిపిస్తుంటాయి.

మరో చిన్న అలవాటు పెద్ద నష్టం చేస్తుంది. మాత్రల స్ట్రిప్‌ను కత్తిరించి ఇచ్చేటప్పుడు గడువు, బ్యాచ్ నంబరు ముద్రించిన చివరను ముందుగా కత్తిరించేస్తారు. ట్రేలో మిగిలిన నాలుగు మాత్రలకు ఇక పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. అవి వాడకూడదు, స్టోర్‌కు తిరిగి ఇవ్వకూడదు. ఆ బ్యాచ్‌ను కంపెనీ వెనక్కి పిలిస్తే వెతకడానికీ వీలుండదు. ఎప్పుడూ ముద్ర లేని చివర నుంచే కత్తిరించాలి.

స్టెరైల్ ప్యాకెట్ల విషయంలో తేదీ ఒక్కటే చూస్తే చాలదు. తడిసినా, చిరిగినా, నలిగి మడత దగ్గర కాగితం పలుచబడినా తేదీ ఎంత దూరంలో ఉన్నా అది స్టెరైల్ కాదు. లెక్కపెట్టడం సులువని పదేసి ప్యాకెట్లకు రబ్బరు బ్యాండు వేయడం వార్డుల్లో చాలా మామూలు. ఆ బ్యాండు ఒత్తిడికే అంచుల దగ్గర ప్యాకెట్ దెబ్బతింటుంది. అరలో అవసరానికి మించి కుక్కినా అదే జరుగుతుంది. ఈ రకంగా పాడైనవి గడువు తీరినవాటి లెక్కలోకి రావు కాబట్టి, నష్టం ఎంతో మీ మూడు నెలల రిజిస్టర్‌లో కనిపించదు.

గడువుకు మూడు నెలల ముందే ఆ వస్తువులను ఎక్కువ వాడే వార్డుకు పంపే ఏర్పాటు స్టోర్ చేయాలి. పారవేసేదాకా ఆగి లెక్క రాసుకోవడం కంటే అది ఎంతో మేలు.

ప్రశ్న: అత్యవసర మందుల బండి, ఫ్రిజ్ నిల్వలకు కూడా పైన చెప్పిన సగటు లెక్కే వర్తిస్తుందా? మా బండిలో నెలల తరబడి కదలనివి ఉన్నాయని ఆడిట్‌లో అభ్యంతరం చెప్పారు.

జవాబు: వర్తించదు. బండిలో సరకు కదలకపోవడం లోపం కాదు. అక్కడి అంకె సగటు నుంచి రాదు, ఒక్క పునరుజ్జీవన ప్రయత్నానికి ఎంత పడుతుందన్న దాని నుంచి వస్తుంది. గుండె ఆగిన పెద్దవారికి అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము చొప్పున 3 నుంచి 5 నిమిషాలకొకసారి ఇస్తారు. అరగంట ప్రయత్నానికి ఎక్కువలో ఎక్కువ 10 ఆంపూళ్లు కావాలి. గుండె లయను సరిచేసే అమియోడరోన్ మొదట 300, తరువాత అవసరమైతే 150 మిల్లీగ్రాములు. 150 మిల్లీగ్రాముల ఆంపూళ్లు 3 ఉంటే ఒక రోగికి సరిపోతాయి. ఆడిటర్‌కు ఈ లెక్క చూపించండి.

బండికి నంబరు ఉన్న, చింపితే గానీ తెరుచుకోని ప్లాస్టిక్ సీలు వేసి, లోపలి వస్తువుల్లో అన్నిటికంటే ముందు తీరే గడువు తేదీని బయట చీటీ మీద రాయండి. అప్పుడు రోజూ చూడవలసింది సీలు నంబరు, ఆ తేదీ, డీఫిబ్రిలేటర్ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) పరీక్ష, ఆక్సిజన్, సక్షన్ మాత్రమే. సీలు చినిగి ఉంటే ఎందుకు తెరిచారని అడగడం తరువాత సంగతి, ముందు బండి నింపాలి. మామూలు డ్యూటీలో సిరంజీ దొరకలేదని బండి తెరిచే అలవాటు ఉన్న వార్డులో జబ్బు బండిది కాదు, అల్మరాది.

ఎక్కువ ఉంచడం ప్రమాదమైన మందులూ ఉన్నాయి. గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఆంపూళ్లు చూడటానికి మామూలు సెలైన్, స్టెరైల్ వాటర్ ఆంపూళ్లలాగే ఉంటాయి. పలుచన చేయకుండా నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన తొమ్మిది రోగి భద్రతా పరిష్కారాల్లో ఇలాంటి గాఢ ద్రావణాల నియంత్రణ ఒకటి. సాధారణ వార్డు అల్మరాలో దీని స్థాయి సున్నా ఉండాలి. ఫార్మసీలో పలుచన చేసినదే వార్డుకు రావాలి.

ఫ్రిజ్‌లో ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఫ్రీజర్ పక్కన ఆనించి గడ్డకట్టినది కరిగిన తరువాత మామూలుగా కనిపించినా వాడకూడదు. తెరిచిన వయల్ చాలా రకాలకు 28 రోజులే పనికొస్తుంది కాబట్టి, తెరిచిన తేదీని సీసా మీదే రాయాలి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి.

ప్రశ్న: కంప్యూటర్‌లో ఫోలీ కాథెటర్లు (మూత్రాశయంలో ఉంచే గొట్టాలు) 40 ఉన్నాయని చూపిస్తుంది, అరలో 25 ఉంటాయి. ప్రతి నెలా సరిచేస్తున్నా మళ్లీ అంతే. దొంగతనం అనుకోవాలా?

జవాబు: అది చివరి అనుమానంగా ఉండాలి. ముందు కొలమానం చూడండి: స్టోర్ పెట్టెల్లో జారీ చేసి, వార్డు విడిగా వాడి, కంప్యూటర్‌లో ‘1’ అని నమోదైతే అది పెట్టో విడి వస్తువో యంత్రానికి తెలియదు. తరువాత అత్యవసర వేళల్లో స్కాన్ చేయకుండా తీసినవి, పక్క వార్డుకు చేబదులు ఇచ్చినవి, పాడై పారవేసినా రాయనివి. ఏ కారణం ఎంతో తేలాలంటే నెలకోసారి అంకె దిద్దడం పనికిరాదు. ఆ దిద్దుబాటుతో ఆధారమే చెరిగిపోతుంది. ఒక్క ఫోలీ కాథెటర్లనే తీసుకుని రెండు వారాలు ప్రతి షిఫ్టు మారేటప్పుడు లెక్కపెట్టండి. తేడా ఏ షిఫ్టులో మొదలైందో తెలిస్తే కారణం దాదాపు తెలిసినట్టే.

ప్యాకెట్ మీది చదరపు చుక్కల బార్‌కోడ్‌లో వస్తువు సంఖ్య, గడువు, బ్యాచ్ మూడూ ఉండవచ్చు. 01 తరువాత వచ్చేది వస్తువు, 17 తరువాత గడువు, 10 తరువాత బ్యాచ్. మీ స్కానర్ వస్తువును మాత్రమే చదివి మిగతా రెండింటినీ వదిలేస్తుంటే సాఫ్ట్‌వేర్ వారిని అడగండి. అయితే అన్నిటినీ స్కాన్ చేయాలనే పట్టుదల వద్దు. గ్లౌజులు, స్వాబులు వార్డుకు చేరగానే ఖర్చు రాసేయడం మేలు. జత గ్లౌజులకు ఒక స్కాన్ అంటే ఎవరూ చేయరు, చేయనక్కరలేదు కూడా. కంప్యూటర్ లెక్క ఖరీదైనవాటికి, వెనక్కి పిలిచే అవకాశం ఉన్నవాటికి ఉంచండి.

ప్రశ్న: ఐసోలేషన్ గదుల్లో రోగి వెళ్లిపోయాక మిగిలిన సరకు తిరిగి అల్మరాలో పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు. గదిలోకి వెళ్లిన ప్యాకెట్‌ను తెరవకపోయినా, పైభాగాన్ని నమ్మకంగా శుభ్రం చేయలేని పక్షంలో పారవేయాల్సిందే. కాగితపు ప్యాకెట్లను తుడవడం కుదరదు కాబట్టి వాటికి వేరే దారి లేదు. అందుకే ఆ గదిలో ఒక షిఫ్టుకు సరిపడా మాత్రమే పెట్టి, మిగతాది తలుపు బయట బండిలో ఉంచి, షిఫ్టు మారేటప్పుడు నింపమని మీ సిబ్బందికి చెప్పండి.